గది వేడిమికి కావలి

చలిదేశములలో బాయిలరులో కాగిన నీరు గొట్టముల గుండా గదిగదికి పోయి రేడియేటర్లను వేడిచేయును. ఈ నీటిని తగుమాత్రముగ విడుచు స్వయంచాలక కవాటమును 1943లో డెన్మార్కు దేశీయుడు మాడ్స్ క్లౌసెన్ కనిపెట్టెను. గది వేడెక్కగానే లోపలి పదార్థము వ్యాకోచించి, కడ్డీని నొక్కి, నీటి దారిని మూయును.

నేటి కొన్ని కవాటములలో ఆ పనిని బ్యాటరీతో నడుచు చిన్న మోటారు చేయుచున్నది. అయితే దాని ఉష్ణమాపకము రేడియేటరు ప్రక్కనే యుండుటచే, గది చల్లగా నున్నను వెచ్చబడినదని పొరపడి కవాటము ముందే మూసికొనవచ్చును. జ్వరము చూడవలసినది రోగి నోటిలో గాని, పొయ్యి ప్రక్కన కాదు గదా! అందుచే గదిలో దూరముగా మరొక ఉష్ణమాపకము నుంచెదరు. అది రేడియో తరంగములతో పంపిన కొలతనుబట్టి ఇంటిలోని కంప్యూటరు కవాటమును నడుపును. ఆ వార్త అందనప్పుడు కవాటము తన కొలతతోనే పనిచేయునట్లు ముందుగా అమర్చవలెను. లేనిచో ఇంటివారు చలికి వణుకవలసివచ్చును.