గుర్తు తెచ్చుకుంటేనే గుర్తుంటుంది

శామీర్‌పేట పరిసరాల్లో దేశమంతటి విద్యార్థులూ కోరుకునే విద్యాసంస్థలు రెండున్నాయి. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఒకటి, 2008లో తెరిచిన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఇంకొకటి. పక్కనే ఉన్న మేడ్చల్ కాలేజీల్లో ఇంటర్ చదివే పిల్లలకు ఈ గేట్లు కనుచూపు మేరలోనే ఉంటాయి. లోపలికి వెళ్లాలంటే మాత్రం ఇంగ్లిష్ అడ్డొస్తుంది. బిట్స్ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో 130 ప్రశ్నలకు 10 ఇంగ్లిష్‌వే. నల్సార్‌కు దారితీసే క్లాట్‌లో 120 ప్రశ్నలుంటే, దాదాపు ఐదో వంతు ఇంగ్లిష్‌వి. క్లాట్‌లో తప్పు రాస్తే పావు మార్కు పోతుంది.

అందుకే పరీక్ష దగ్గరపడగానే చాలామంది లావుపాటి పదాల జాబితా పట్టుకుని బట్టీ మొదలుపెడతారు. రాత్రి వచ్చినట్టే అనిపించిన పదం తెల్లారేసరికి జారిపోతుంది. ఇందులో తెలివి తక్కువతనం ఏమీ లేదు, మెదడు పనిచేసే తీరే అది.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. ఫలితాలను 1885లో అచ్చువేశాడు. ఒక రోజు గడిచేసరికి, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమ సుమారు మూడో వంతే. నెల తర్వాత అది ఐదో వంతు. అంటే మరపు మొదటి రోజే జోరుగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. మరిచిపోబోయే వేళకు మళ్లీ పలకరించిన పదం మునుపటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎలా పలకరించాలన్నదే అసలు సంగతి. 2008లో అమెరికా పరిశోధకులు కార్పికే, రోడిగర్ కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలి మాటలూ వాటి ఇంగ్లిష్ అర్థాలూ నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరు మళ్లీ మళ్లీ చదువుకున్నారు కానీ, దానిమీద పరీక్ష పెట్టుకోలేదు. మరికొందరు అన్ని మాటల మీదా పరీక్షలు రాస్తూనే పోయారు. వారం తర్వాత చదువుతూ పోయినవారికి గుర్తున్నవి నూటికి 36. పరీక్షలు రాసినవారికి దాదాపు 80. ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే మాత్రం అన్ని బృందాలూ ఇంచుమించు సగమేనన్నాయి. చదివినకొద్దీ పదం కంటికి పరిచయమవుతుంది, మనం దాన్నే జ్ఞాపకం అనుకుంటాం. పుస్తకం మూసి, అర్థాన్ని లోపలినుంచి లాగినప్పుడే జ్ఞాపకం గట్టిపడుతుంది.

మరిచిపోబోయే వేళకు పలకరించడం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం, ఈ రెంటినీ కలిపి వాడుకునే సులువైన పద్ధతిని సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. చీటీకి ఒకవైపు పదం, రెండోవైపు అర్థం, సొంత వాక్యం రాయాలి. సరిగ్గా చెప్పగలిగిన చీటీ పెట్టెలోని తర్వాతి అరలోకి వెళుతుంది, దాన్ని ఆలస్యంగా చూస్తాం. తప్పిన చీటీ మొదటి అరకు తిరిగొస్తుంది, మర్నాడే చూస్తాం. వచ్చిన పదాల మీద సమయం వృథా కాదు, రాని పదాలు తప్పించుకోలేవు.

తెలుగు పిల్లలకు ఇంకో వెసులుబాటు ఉంది. మన భాషలో కలిసిపోయిన సంస్కృత మాటలకూ, ఇంగ్లిష్‌లోకి చేరిన లాటిన్ మాటలకూ దూరపు చుట్టరికం ఉంది. దంతానికి డెంటల్, నామానికి నామినల్, మాతృకు మెటర్నల్, నవకు నావెల్. కొత్త పదం పాత జ్ఞాపకానికి ముడిపడితే త్వరగా విడిపోదు. అలాగే మంచిని సూచించే ‘బెనె’, చెడును సూచించే ‘మాల్’ తెలిస్తే బెనెవలెంట్, మాల్‌ప్రాక్టీస్ లాంటి మాటల భావం ఊహకందుతుంది.

అయితే చీటీలతోనే పని పూర్తికాదు. 2020 నుంచి క్లాట్ వ్యాసభాగాలను ఇచ్చి వాటిమీదే ప్రశ్నలడుగుతోంది. ‘మిటిగేట్’ అంటే తగ్గించడం అని తెలిసినంత మాత్రాన చాలదు. వాతావరణ మార్పుల వ్యాసంలో అది ముప్పును తగ్గించడం, కోర్టు తీర్పులో నేర తీవ్రతను తగ్గించడం. ఈ తేడా రోజూ పత్రిక సంపాదకీయం చదివేవారికే పట్టుబడుతుంది.

కాబట్టి విద్యార్థులారా, పరీక్షకు నెల ముందు వెయ్యి పదాలు మింగాలని చూడకండి. ఇంటర్ మొదటి ఏడాదినుంచే రోజుకు పది పదాలు చాలు. అధ్యాపకులు కూడా జాబితాలు పంచి వదిలేయకుండా, ప్రతి తరగతి మొదట్లో ఐదు నిమిషాలు పాత పదాలు అడగాలి. ఏ కోచింగ్ ఫీజూ లేకుండా, ఏ ఊరి కాలేజీలోనైనా రేపటినుంచే మొదలుపెట్టగల పని ఇది.