ఫైబరు పడవకు మరమ్మతు

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత నెల్లూరు తీరమున కొయ్య తెప్పలకు బదులు ఫైబరు పడవలు విరివిగా వచ్చినవి. వీటికి బలము గాజునార. దానిని పట్టియుంచునది రెజిను. పైనున్న నునుపు పొర, జెల్‌కోటు, నీటిని అడ్డగించునే గాని బరువు మోయదు. పగులుపై అదొక్కటే పూసినచో లోపలి నార తెగియే యుండును. అలల తాకిడికి పగులు మరల విచ్చుకొనును.

కావున తెగిన భాగమును తొలగించి, ఉప్పు కడిగి, బాగుగా ఆరనీయవలెను. క్రొత్త పొర పాతదానికి అతుకుకొనునే గాని అందులో కలిసిపోదు. అందుచేత అతుకు వెడల్పుగా నుండుటకు అంచులను మందమునకు 12 రెట్ల దూరము ఏటవాలుగా అరగదీయవలెను: 5 మిల్లీమీటర్ల గోడకు 60 మిల్లీమీటర్లు. దానిపై రెజినుతో తడిపిన గాజుచాపను పొరలుగా పరచి, కడపట జెల్‌కోటు పూయవలెను.

రెజినును గట్టిపరచు పెరాక్సైడును, ఆ చర్యను వేగపరచు కోబాల్టు ద్రావణమును నేరుగా కలుపరాదు, ప్రేలుడు కలుగవచ్చును. కోబాల్టు రెజినులో పూర్తిగా కలిసిన పిమ్మటనే పెరాక్సైడును చేర్చవలెను.