గోనెపట్టా చెప్పిన కథ

లోకం కూలిన తరువాత మిగిలిన మనుషుల కథలో మాటకన్న ముందు ఆహార్యమే గొంతు విప్పుతుంది

1944 అక్టోబరు 24. కలకత్తాలోని శ్రీరంగం నాటకశాలలో తెర లేచింది. వృత్తి నాటకాలకు అలవాటుపడిన ప్రేక్షకుల కళ్లకు రాజప్రాసాదాలు కనిపించలేదు. జలతారు దుస్తులు కనిపించలేదు. రంగస్థలం వెనుక వ్రేలాడుతున్నది గోనెపట్టా. దాని ముందు నిలిచినవారు చింకి గుడ్డల రైతులు. బిజన్ భట్టాచార్య రచించి, శంభు మిత్రతో కలిసి దర్శకత్వం వహించిన ఆ నాటకం 'నవాన్న'. ప్రదర్శించినది భారత ప్రజానాట్య సంఘం.

అంతకు ముందటి ఏడే వంగదేశం ఒక ప్రళయాన్ని చవిచూసింది. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరులో మేదినీపురం తీరాన్ని తుపాను ముంచింది. శత్రువుకు చిక్కరాదని ప్రభుత్వం పల్లెల పడవలను స్వాధీనం చేసుకొంది. యుద్ధకాలపు ధరలు పేదవాని కంచాన్ని ఖాళీ చేశాయి. మృతులు 15 లక్షలని విచారణ సంఘం అంచనా వేయగా, తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు లెక్కగట్టారు. అన్నం అడిగే ఆశ కూడా ఉడిగి, గుక్కెడు గంజి కోసం మొరపెట్టుకొంటూ పల్లె జనం కలకత్తా వీధులలో ప్రాణాలు విడిచారు.

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వేషం, అలంకారం ఆహార్యానికి చెందినవి. పాత్రకు అదనంగా తొడిగేది ఆహార్యమని మనం సామాన్యంగా భావిస్తాం. 'నవాన్న'లో అది తలక్రిందులైంది. పాత్ర కోల్పోయినదే దాని ఆహార్యమైంది. వంగదేశపు రైతు పండించిన జనుముతో నేసినది గోనె. అందులో నిండవలసినది బియ్యం. బియ్యం లేని గోనెను వెనుక వ్రేలాడదీస్తే ఇక ఉపన్యాసం దేనికి? ధనికుని ఇంట పెళ్లివిందు సాగుతుండగా, బయట చెత్తకుండీ వద్ద మనిషి కుక్కతో పోటీపడే ఘట్టాన్ని ఆ నేపథ్యం మరింత భరించరానిదిగా చేసింది.

సత్యజిత్ రాయ్ దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం ఎన్నుకొన్నాడు. 1973లో వచ్చిన 'అశనిసంకేత్'లో ఆయన అదే కరవును వర్ణచిత్రంగా తీశాడు. పచ్చని పొలాలు, నిండు చెరువులు, సీతాకోకచిలుకలు. ఇంత అందమేమిటని కొందరు ఆక్షేపించారు. కాని చిత్రం చెప్పదలచినది సరిగా అదే: భూమి ఎండలేదు, ఎండినది మానవుని ధర్మం. బీటలు వారిన నేలను చూపి ఉంటే ప్రేక్షకుడు నేరాన్ని ఆకాశం మీద వేసి తృప్తిపడేవాడు.

మృణాల్ సేన్ మరొక అడుగు ముందుకు వేశాడు. 1980 నాటి 'అకాలేర్ సంధానే'లో ఒక చలనచిత్ర బృందం 1943 కరవును చిత్రించడానికి పల్లెకు వస్తుంది. బృందం తిండికి సంత సరకంతా చెల్లిపోయి ధరలు మండిపోతాయి. కరవును చిత్రించవచ్చినవారే కరవు తెచ్చారని ఊరివారు గొణుగుతారు. చినిగిన చీర కట్టి కెమెరా ముందు నిలిచే నటికి, నిజంగా చినిగిన చీర తప్ప మరొకటి లేని స్త్రీకి నడుమ దూరమెంత? ఆ ప్రశ్నను చిత్రం మన ముందు వదలి వెళుతుంది.

ఈ వారసత్వం మనకు పరాయిది కాదు. ప్రజానాట్యమండలి 1940లలో 'మాభూమి' నాటకాన్ని ఆంధ్రదేశమంతటా ఆడింది. 1979లో 'మా భూమి' చలనచిత్రంతో తెలంగాణ పల్లెను వెండితెరపై నిలిపిన గౌతమ్ ఘోష్ కలకత్తావాడే.

నేడు ప్రళయానంతర గాథలు బుల్లితెరకు ప్రీతిపాత్రమైనాయి. 2023లో అమెరికాలో ప్రసారమైన 'ది లాస్ట్ ఆఫ్ అస్' నాయకుడు, కూతురు చనిపోయిన రాత్రి ఆగిపోయిన గడియారాన్ని 20 ఏళ్ల తరువాత కూడా చేతికి ధరిస్తాడు. కాలం చూడటానికి అది పనికిరాదు. అతని కాలం ఎక్కడ ఆగిందో మనకు తెలుపుతుంది. 2024 నాటి తెలుగు చిత్రం 'కల్కి 2898 ఏడీ'లో ఎండిన గంగ కూడా అటువంటి సాక్షియే.

అయితే దుమ్ము పూసిన ముఖాలు, కళాత్మకంగా చింపిన దుస్తులు మాత్రమే ప్రళయాన్ని నమ్మించలేవు. ఆ చిరుగు ఎలా పడింది, ఆ గోడ ఎవరి వల్ల కూలింది అన్న ప్రశ్నలకు దృశ్యంలోనే జవాబుండాలి. లేకుంటే వినాశం వట్టి అలంకారమై, ఆకలి వేడుకగా మారుతుంది. 'నవాన్న' అంటే కొత్త బియ్యపు పండుగ. నాటకం చివర రైతులు తమ పల్లెకు తిరిగివచ్చి ఆ పండుగ జరుపుకొంటారు. అంతవరకు ఖాళీ గోనెను చూస్తూ కూర్చున్నవానికే ఆ పిడికెడు బియ్యపు విలువ తెలుస్తుంది.