నోటిమాట గాలికి పోద్ది, అర్జీకి నంబరుంటది

పేటలో మున్సిపాలిటీ గురించి మాట్లాడనోళ్లు ఎవరున్నారు? కళామందిర్ సెంటర్లో టీ కొట్టు కాడైనా, ఎన్నార్టీ సెంటర్లో ఆటో ఎక్కినా అదే ముచ్చట. సైడు కాలవ పూడిందని ఒకరు, వీధి లైటు ఎలగట్లేదని ఇంకొకరు. మరి ఎవరికన్నా చెప్పారా అంటే, "కౌన్సిలరు ఎదురుపడితే చెప్పాం గదా" అంటారు. నేనివ్వాళ రాసేది ఆ "చెప్పాం గదా" గురించే.

ఇది కాలవ కంపు గొడవ మాత్రమే అనుకోబాకండి. 2018 మార్చిలో గుంటూరులో మంచినీళ్ల పైపుల్లో మురుగు కలిసి డయేరియా సోకింది. ఆనందపేట వైపు ఇళ్లలో మనుషుల ప్రాణాలు పోయినాయి. 2024 జులైలో మన పల్నాడు జిల్లా పిడుగురాళ్లలోనూ డయేరియాతో జనం ఆస్పత్రుల పాలయ్యారు. మురుగు కాలవలోంచి పోయే కుళాయి పైపుకి చిన్న చిల్లు పడితే చాలు. నీళ్లు వదిలినప్పుడు ఆ చిల్లులోంచి బయటికి కారతాయి. వదలటం ఆపగానే పైపు ఖాళీ అయ్యి, అదే చిల్లులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటది. మర్నాడు పొద్దున బిందెలోకి మొదట వచ్చేది అదే. అందుకే "నీళ్లు వాసనొస్తన్నాయి" అనే మాట గాలికి పోగూడదు.

మరి ఎట్టా చెప్పాలి? ముందు పని ఏ రకమో తెలుసుకోవాలి. పూడిక తీయటం, బల్బు మార్చటం, పైపు లీకు కట్టటం లాంటివి రోజువారీ పనులు. వీటికి కౌన్సిల్ మీటింగు దాకా ఆగే పని లేదు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలొచ్చాయి గదా, అక్కడ శానిటేషన్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. అక్కడ కాకపోతే కమిషనరుకి అర్జీ పెట్టాలి.

కొత్త కాలవ, కొత్త రోడ్డు, కొత్త పైపులైను సంగతి వేరు. దానికి ఇంజనీరు అంచనా వేయాలి, డబ్బు చూపించాలి, అజెండాలో పెట్టి కౌన్సిల్ తీర్మానం చెయ్యాలి, ఆ తర్వాత టెండరు. ఇక్కడే కౌన్సిలరుతో పని. పాలకవర్గం లేని రోజుల్లో ఆ పని స్పెషల్ ఆఫీసరు చూస్తాడు. మున్సిపాలిటీ లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుద్ది. వానలొచ్చి ఇంట్లోకి నీళ్లొచ్చాక కొత్త కాలవ అడిగితే ఆ ఏడు డబ్బు అప్పటికే పంచేసి ఉంటది. బడ్జెట్ కూర్చే చలికాలంలోనే అడగాలి.

ఇంకో సంగతి, అన్నీ మున్సిపాలిటీవి కావు. జాతీయ రహదారి మీద గుంట పడితే హైవే అథారిటీని అడగాలి. తీగ తెగితే కరెంటోళ్లకి చెప్పాలి, అదే స్తంభానికుండే వీధి లైటు మాత్రం మున్సిపాలిటీది. చెత్త పన్ను చూడండి. 2021లో పెట్టించింది రాష్ట్ర ప్రభుత్వం, వసూలుకి గడపెక్కింది వార్డు ఉద్యోగి. తిట్లు తిన్నది ఆయనే. ఊరూరా జనం వద్దనబట్టి అది ఎన్నికల మాటయింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఆ పన్ను తీసేస్తన్నామని చెప్పారు.

ఇక అర్జీ ఎట్టా రాయాలంటే, ఒక కాయితానికి ఒకటే సమస్య. వీధి పేరు, ఎవరింటి కాడ మొదలై ఎందాకా ఉంది, ఎన్నాళ్లనుంచి, ఎన్ని కుటుంబాలకి ఇబ్బంది అన్నది రాయండి. ఫోటో జత చేసి, వీధిలో అందరిచేతా సంతకాలు పెట్టించండి. ఒక్కడు అడిగితే "ఆయనకి రోజూ ఇదే పని" అంటారు. నలభై సంతకాలుంటే ఆ మాట అనలేరు. తిరిగొచ్చేటప్పుడు రసీదు నంబరు తెచ్చుకోండి. సోమవారం సోమవారం పీజీఆర్‌ఎస్‌లో అర్జీలు తీసుకుంటారు. ఇక్కడ పని కాకపోతే నరసరావుపేట కలెక్టరేటులో ఇవ్వొచ్చు. అప్పుడు ఈ పాత నంబరే మీ సాక్ష్యం.

అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. మా అర్జీ ఎవరి టేబులు మీదుంది, అంచనా వేశారా, తీర్మానం నకలు ఇవ్వండి అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదరికపు రేఖకి దిగువనున్నోళ్లకి ఫీజు లేదు. జరుగుతున్న పనిని కళ్లారా చూసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలో ఉన్నాయి. సిమెంటు రోడ్డు ఆర్నెల్లకే పెచ్చులూడితే ఆ హక్కు అక్కరకొస్తది.

పెద్ద ఊళ్లయితే మూడు లక్షల జనాభా దాటితే వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది. 2011 లెక్కల ప్రకారం పేట జనాభా లక్ష పైచిలుకు. అంటే ఆ నిబంధన మనకి వర్తించదు. కాబట్టి వీధి కమిటీ మనమే కట్టుకోవాలి.

ఊరంతా కలిసి అడగటం మన సీమకి కొత్తేం గాదు. మనకి దగ్గర్లోనే ఉన్న చీరాల, పేరాలని బ్రిటిషోళ్లు మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, జనం వద్దు మొర్రో అన్నారు. వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లొదిలి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని పదకొండు నెలలున్నారు. మున్సిపాలిటీ అప్పుడు పైనుంచి రుద్దింది, ఇప్పుడు మన ఓటుతో నడిచేది. ఇళ్లొదిలి పోయే పని లేదు. వచ్చే సోమవారం నలుగురు కలిసి ఒక కాయితం పట్టుకుని పోతే చాలు. రసీదు మాత్రం మరవబాకండి.