నాలుగు కమానుల నడుమ

హైదరాబాదు చూడవచ్చిన యాత్రికుడు చార్మినారు ముందు నిలిచి, తలయెత్తి నాలుగు మీనారులను కన్నులార చూచి, ఫోటో దిగి, లాడ్ బజారులో గాజుల బేరము చేసికొని మరలిపోవుట పరిపాటి. ఆతడు మరికొంత దూరము ఉత్తరముగా నడచి, నగల దుకాణముల నడుమ ఒక చిన్న గుండ్రని నీటికొలను చుట్టు ఆటోలును మోటారు సైకిళ్లును ఎడతెగక తిరుగుచుండు కూడలియందు క్షణకాలము నిలిచి నలుదిక్కులను పరికించెనేని, ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క ఎత్తైన కమాను కానవచ్చును. ఆ కొలను పేరు గుల్జార్ హౌజ్. ఆ నాలుగింటికి కలిపి చార్ కమాన్ అని పేరు. నాలుగు శతాబ్దములకు పైబడి ఈ నగరమునకు నడిబొడ్డై యున్న రాజాంగణ మిదియే. కట్టడములను చూచుట కలవాటుపడిన మన కన్నులకు కట్టడముల నడుమ బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టిన స్థలము అంత సులభముగా కనబడదు. కాని హైదరాబాదును కట్టినవారు మీనారుల యెడ ఎంత శ్రద్ధ వహించిరో ఈ ఖాళీస్థలము యెడ నంత శ్రద్ధయు వహించిరి.

గోలకొండ నేలిన కుతుబ్ షాహీలలో ఐదవవాడైన ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1580లో సింహాసనమెక్కి 1612 వరకు పాలించెను. ఆయన తండ్రి ఇబ్రహీం కాలమునకే కోట జనముతో క్రిక్కిరిసి, మూసీనది యావలి యొడ్డునకు పట్టణము విస్తరింపక తప్పని స్థితి యేర్పడినది. 1578లో కట్టిన పురానాపూల్ ఆ విస్తరణమునకు తొలిమెట్టు. 1591లో, అనగా హిజరీ సహస్రాబ్ది పూర్తియైన తరుణమున, చార్మినారు లేచినది. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు రహదారిని ఉత్తరదక్షిణముగా సాగు మరియొక వీథి ఖండించుచోట దానిని నిలిపి, నాలుగు వీథులతో నగరమును నాలుగు భాగములు గావించిరి. ఈ రచనకు సూత్రధారి పీష్వాపదవియందున్న మీర్ మోమిన్ అస్తరాబాదీ. ఇరానునుండి వచ్చి గోలకొండ కొలువులో చేరిన ఈ పండితుడు మంత్రియు, కవియు, మతవిద్వాంసుడునై నగరనిర్మాణమునకు కూడ పూనుకొనుట ఆ కాలపు విద్యావైశాల్యమునకు తార్కాణము. పాతబస్తీలో ఆయన పేర వెలసిన శ్మశానవాటిక దాయిరా మీర్ మోమిన్ నేటికిని ఉన్నది. ఆయన సమాధియు అందే కలదు. నగరము పుట్టుకతో ముడిపెట్టి చెప్పెడి భాగమతి ప్రేమగాథ అందరికిని తెలిసినదే. కుతుబ్ షాహీల చరిత్రను సమగ్రముగా రచించిన హారూన్ ఖాన్ షేర్వానీ దానిని విశ్వసింపలేదు. వాదము మాత్రము ఇంకను తెగలేదు.

చార్మినారు కట్టిన మరుసటి సంవత్సరమునకే దాని కుత్తరమున ఈ నాలుగు కమానులు లేచినవి. ఒక్కొక్కటి ఇంచుమించు 60 అడుగుల యెత్తు. వాని నడుమ విశాలమైన చదరపు మైదానమునకు జిలూఖానా యని పేరు. రాజు వెడలునపుడు సేనలును పరివారమును బారులు తీరి నిలుచుట కేర్పడిన స్థలమది. మైదానము నట్టనడుమ కొలనును త్రవ్వించి చార్ సూ కా హౌజ్ అనిరి. కాలక్రమమున అదియే గుల్జార్ హౌజైనది. మొదట అది నేటికంటె ఎంతో పెద్దది. అంగడులును బాటలును ముందునకు జరిగినకొలది అది ముడుచుకొనిపోయినది.

కమానులలో ఏ రెంటికిని ఒకే వృత్తి లేదు. ఉత్తరపుది మఛ్లీ కమాన్. చేప శుభచిహ్నము గావున దాని మీద చేపరూపు నిలిపిరని ప్రతీతి. తూర్పుది కాలీ కమాన్. పూర్వ మిది నక్కార్‌ఖానా, అనగా వేళవేళకు రాజభేరులు మ్రోగించు స్థానము. దక్షిణపుది చార్మినారునకు దారితీయుటచే చార్మినార్ కమాన్. పడమటిదానికి షేరె బాతిల్ కమాన్ అని నేటి వాడుక. దౌలత్‌ఖానా యనబడు రాజప్రాసాదములకు సింహద్వార మిదియే. దాని గుమ్మమునకు జరీతెర వ్రేలాడుచుండెడిదని చెప్పుదురు. ప్రజలు తిరుగు చోటునకును ప్రభువు వసించు చోటునకును మధ్య అడ్డము ఆ యొక్క తెర మాత్రమే. కోటగోడల వెనుక దాగి యేలిన వంశము, నూతననగరమున తన వాకిలిని అంగడివీథిలోనికి తెరచినదని దీనివలన తెలియుచున్నది.

ఈ రచనకు మూలమెక్కడిదను ప్రశ్న యొకటి కలదు. మీర్ మోమిన్ ఇరానువాడగుటచే హైదరాబాదు ఇస్ఫహాను నగరమునకు అనుకరణమని పలువురు వ్రాయుచుందురు. తారీఖులు చూచినచో ఈ మాట యంత సులభముగా నిలువదు. షా అబ్బాసు తన రాజధానిని ఇస్ఫహానునకు మార్చినది 1598లో. అచటి విఖ్యాతమైన నక్షె జహాన్ మైదానము ఆ తరువాత రూపొందినది. అప్పటికి చార్మినారు నిలిచి ఏడేండ్లు గడచినవి. తోటలు, కాలువలు, చతుర్విభక్తమైన నగర భావన పారసీక సంప్రదాయమునుండి వచ్చెననుటలో విప్రతిపత్తి లేదు గాని, నమూనా మరియొకటి చేరువలోనే యుండెను. ఓరుగల్లు కోట నడిబొడ్డున కాకతీయుల స్వయంభూ దేవాలయమును, దానికి నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములును, నాలుగు ద్వారములనుండి వచ్చి కలియు వీథులును ఉన్నవి. ఆ కోట కుతుబ్ షాహీల యేలుబడిలోనిదే. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అను పండితులు 2014లో ప్రకటించిన గ్రంథమున, హైదరాబాదు నగరరచనయందు ఓరుగల్లు ఛాయ కలదని వాదించిరి. ఒక్కసారి ఓరుగల్లు తోరణముల మధ్య నిలిచి, తరువాత గుల్జార్ హౌజ్ వద్ద నిలిచినవానికి ఈ వాదములోని బలము బోధపడకపోదు. అచట దేవుని నడుమ నిలిపి నలుదిక్కుల తోరణములెత్తిరి. ఇచట నీటిని నడుమ నిలిపి నలుదిక్కుల కమానులెత్తిరి.

తెలుగునేల సంప్రదాయమును ఇట్లు స్వీకరించుట కుతుబ్ షాహీ వంశమునకు కొత్తయు గాదు. ఇబ్రహీము కొలువున అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును రచించి ఆ ప్రభువునకే అంకితమిచ్చెను. కుతుబ్ షాహీల ఫర్మానాలు పారసీకముతోపాటు తెలుగునందును వెలువడెడివి. తెలుగునేలను తెలుగుమాటతో ఏలదలచినవారు తెలుగునేల మీది నగరసంప్రదాయమును చూడకుండిరనుట కంటె, చూచి గ్రహించిరనుటయే సమంజసమని నా తలంపు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన ముద్రయందు కాకతీయ తోరణమును, చార్మినారును ఒక్కచోట నిలుపుట ఈ దృష్టితో చూడదగినది.

నీటిని గూర్చి యొక మాట. 1666–67 ప్రాంతమున ఇచటికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, చార్మినారు పైభాగమునకు నీటి నెక్కించి, అచటినుండి రాజప్రాసాదముల పై యంతస్తులకు చేరునట్లు ఏర్పాటు చేసిరని వ్రాసెను. చార్మినారు వెలుపలి సౌందర్యమును ఆతడు మిక్కిలి మెచ్చుకొనెను. కాని దాని చుట్టు చెక్కతో కట్టి గడ్డి కప్పిన పండ్లదుకాణములు ముసురుకొని ఆ శోభను చెరచుచున్నవని నొచ్చుకొనెను కూడ. ఈ కూడలిని అంగడులు ఆక్రమించుట నేటి జాడ్యమని తలచువారు ఈ సాక్ష్యమును గమనింపవలెను. రాజులుండగనే, నగరమునకు ఎనుబదియేండ్లైన నిండకమునుపే, ఆ బెడద మొదలైనది.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిదప పడమటి కమాను వెనుకనున్న ప్రాసాదములు ధ్వంసమై రూపుమాసిపోయినవి. సింహద్వారము నిలిచినది, సింహాసనము నిలువలేదు. తరువాత ఆసఫ్‌జాహీలు వచ్చిరి. రెండవ నిజాము కాలమున ఔరంగాబాదునుండి రాజధాని ఇచటికి తరలినది. చార్మినారునకు దక్షిణమున చౌమహల్లా ప్రాసాదము వెలసినది. రాజనివాసము జిలూఖానాను విడిచి దూరముగా జరిగినకొలది, సేనలు బారులు తీరిన మైదానము కంసాలి, ముత్యాల వర్తకుల పాలైనది. దీనిని పతనమనుటకు నాకు మనసొప్పదు. రాజు వెడలినను జనము వెడలకపోవుటచేతనే ఈ స్థలము బ్రతికియున్నది.

చుట్టుప్రక్కల చూడదగిన వాని నన్నిటిని వర్ణింప పూనిన యెడల గ్రంథము పెరుగును. చేరువనే 1597–98 నాటి జామా మసీదు. దక్షిణమున, ముహమ్మద్ కుతుబ్ షా ప్రారంభింపగా ఔరంగజేబు 1694లో ముగించిన మక్కా మసీదు. ఉత్తరముగా పత్థర్‌గట్టీ వీథిలో నడచునపుడు ఇరువైపుల ఒకే తీరున సాగు రాతి కమానుల వరుస మాత్రము అందరును ఆగి చూడవలసినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిదప, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఈ వీథిని తీర్చిదిద్దినది. పాత కమానుల మర్యాదకు భంగము రాకుండ కొత్త అంగడులను కట్టవచ్చుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నగరములో లేదు. ఆ దారిలోనే బాద్షాహీ ఆషుర్ఖానా కలదు. దాని గోడల మీది రంగురంగుల పింగాణీ పలకల పని ముహమ్మద్ కులీ కాలమునాటిది. వరదనీరు తాకిన క్రింది భాగమున పలకలు రాలిపోగా రంగులతో పూరించిరి. పైభాగపు పలకల కాంతిని, క్రిందిభాగపు రంగుల వెలవెలబాటును ప్రక్కప్రక్కన చూచినపుడు ఆ నదీకోపము ఎంత యెత్తునకు లేచెనో గోడయే చెప్పును.

ఇక లాడ్ బజారు. ఇచటి లక్కగాజును చేతికి తొడిగికొనువారు దాని పుట్టుకను కూడ చూడవలెను. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, రంగు కలిపి, చేతితో సాగదీసి, పలక మీద పొరలించి సన్నని కడ్డీగా చేసి, లోహపుటంచుతో వలయముగా మలతురు. అది చల్లారి గట్టిపడక మునుపే పనివాడు ఒక్కొక్క రాయిని సూదిమొనతో ఎత్తి దానిలో అదుమును. లక్క గట్టిపడినచో మరల వేడిచూపి పని సాగించును. కొలబద్ద లేదు, గుర్తుల గీతలు లేవు. రాతికిని రాతికిని మధ్యనుండు ఎడమంతయు కంటికొలతయే. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగిన విషయమే, కుంపటి ముందు దినమెల్ల కూర్చుండు చేతులకు ఆ గుర్తింపు వలన కూలి పెరిగినపుడు సంతోషము సంపూర్ణమగును. ఈ చుట్టుప్రక్కల సందులలోనే వెండిరేకును తోలుపొరల నడుమ నుంచి సుత్తితో మోది మోది, మిఠాయిల మీద అద్దెడి వరఖుగా మార్చు పనివారును కలరు. వీథినుండియే ఆ మోత వినవచ్చును.

ఈ స్థలమునకు ప్రాణమంతయు దాని ఊరేగింపులలో కలదు. మొహర్రము పదవనాడు బీబీ కా ఆలం ఏనుగు మీద దబీర్‌పురానుండి వెడలి చార్మినారు, గుల్జార్ హౌజ్ మీదుగా సాగును. ఆషాఢమాసపు బోనాలలో అక్కన్న మాదన్న దేవాలయపు ఘటము, అదియు ఏనుగు మీదనే, ఇదే దారిని నయాపూల్ వైపు తరలును. కడపటి కుతుబ్ షాహీ ప్రభువైన తానాషా కొలువున మంత్రులై 1686లో హతులైన ఆ సోదరుల పేర వెలసిన గుడి ఘటము, వారు తిరిగిన నగరపు రాజవీథినే నేటికిని పోవుచున్నది. వినాయక నిమజ్జనమునాడు బాలాపూర్ గణపతి ఈ కమానుల మీదుగానే హుస్సేన్ సాగరమునకు పయనించును. రమజాను రాత్రులందు ఇచట తెల్లవారువరకు కొలువుతీరు జనమును వర్ణింపనక్కరలేదు. పరివారసమేతుడైన రాజు వెడలుటకని కట్టిన విశాలవీథి, ఏ మతమువారి దైవము వెడలినను చోటిచ్చుచున్నది. నగరనిర్మాత లెంతటి దూరదృష్టితో ఈ వెడల్పును విడిచిరో ఆ దినములందు తెలియును.

మిగిలిన దినములందు తెలియునది మరియొకటి. కమానులకు ఇటీవల మరమ్మతులు జరిగినవి. చార్మినారు చుట్టు వాహనములను ఆపి రాతిపలకలు పరచి పాదచారుల కిచ్చిరి. ఇవి మెచ్చదగిన పనులు. కాని గుల్జార్ హౌజ్ చుట్టు నేటికిని వాహనముల రద్దీయే. కమానుల ప్రక్కల అంగడులు అంటిపెట్టుకొని యుండగా, వెనుకనున్న పాత యిండ్లు ఇరుకుదారులతో, పైపైన పెరిగిన అంతస్తులతో, గాలి యాడని గదులతో నిండియున్నవి. 2025 మే 18న, ఈ కూడలి యొడ్డునే, క్రింద దుకాణము పైన నివాసముగానున్న ఒక పాత భవనములో నిప్పు రేగి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు పసిపిల్లలు. నగరమునకెల్ల విశాలమైన యంగణము వాకిట నుండగా, బయటికి వచ్చు దారి చాలక మనుషులు మరణించిరన్న మాట మన మెవ్వరము మరచిపోరాదు. ఇది కేవలము శిల్పసౌందర్యమునకు సంబంధించిన విషయము కాదు.

కావున నగరపాలకులకు ఈ విన్నపము. నాలుగు కమానుల నడుమనున్న స్థలమునందు వాహనముల రాకపోకలను పూర్తిగా నిషేధించి, అత్యవసరమున అగ్నిమాపక శకటము మాత్రము వచ్చునట్లు దారి విడిచిపెట్టవలెను. చుట్టునున్న పాత యిండ్లనన్నిటిని ఒకసారి తనిఖీచేసి, విద్యుత్తు తీగెలను, మెట్లదారులను సరిచేయించవలెను. అచటనే తరతరములుగా కాపురమున్న వారిని వెళ్లగొట్టకుండ, వారికి రుణమిచ్చి వారిచేతనే ఆ పని చేయించవలెను. పత్థర్‌గట్టీని కట్టించినవారు వరద వెలిసిన నాలుగేండ్లకు పనికి పూనిక వహించిరి. నేటివారికి అంత వ్యవధి కూడ లేదు.