బషీర్‌బాగ్ ఎండ, చంటిబిడ్డ దాహం

బషీర్‌బాగ్‌కు పేరు తెచ్చిన ప్యాలెస్ ఇప్పుడు లేదు. దాన్ని కట్టించుకున్న పాయిగా నవాబు బషీరుద్దౌలా, అంటే సర్ ఆస్మాన్ జా, దివాన్ అయిన 1887లోనే నిజాం కాలేజీ పుట్టింది. కాలేజీ నిలిచింది, ప్యాలెస్ పోయింది. ఇవాళ ఇక్కడ కనిపించేది ఫ్లైఓవర్, ప్రెస్‌క్లబ్, మే నెలలో మాడు పగిలే ఎండ.

ఆ ఎండలో బస్టాపు దగ్గర చంటిబిడ్డల తల్లులు ఎప్పుడూ ఉంటారు. కంట్రోల్ రూం, అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్ దాటితే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి మరి. పరిచారిక ప్రసవంలో చనిపోయిందని కలతచెందిన యువరాణి నిలోఫర్ చొరవతో 1953లో వెలిసిందది. తల్లుల వెంట అమ్మమ్మలో నాయనమ్మలో ఉంటారు. వాళ్ల ప్రశ్న ఒకటే: ‘ఇంత ఎండలో బిడ్డకు గుక్కెడు నీళ్లు పట్టొద్దా?’

ఆరు నెలల లోపైతే వద్దు. తల్లిపాలలో 87 శాతం నీరే. అసలు చిక్కు కిడ్నీది. రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు గర్భంలో 36 వారాలకల్లా తయారైపోతాయి, తర్వాత కొత్తవి పుట్టవు. కానీ పుట్టేనాటికి వాటి పని ఇంకా పుంజుకోదు. నీటిని వెనక్కి లాగే ఆక్వాపోరిన్-2 ప్రొటీన్ తక్కువగా ఉంటుంది, వడపోతా నెమ్మదే. వడపోత రెండు వారాల్లో దాదాపు రెట్టింపవుతుంది, పెద్దల స్థాయి అందుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఉత్త నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. పసికందులకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల మధ్య ఎక్కువ ఎడం ఉంచేదీ వడపోత నెమ్మది కాబట్టే.

పేగు తీరు వేరు. పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ కాన్పు నాటికి నిండుగా ఉంటుంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ మాత్రం క్లోమంలో నామమాత్రమే. మూడో నెలలోనే జావ పట్టేవాళ్లు ఇది గమనించాలి. గ్లూకోజ్‌తో పాటు సోడియాన్ని లాగే ప్రొటీన్ పుట్టేసరికే సిద్ధం, అందుకే విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ పసివాళ్లకూ పనిచేస్తుంది. అది మాత్రం డాక్టరు చెప్పిన కొలతలోనే. ఎలుకపిల్లల్లో చక్కెరను విడగొట్టే సుక్రేజ్ పాలు మానే వేళకు గానీ రాదు. మన బిడ్డలకు గర్భంలోనే ఉంటుంది. ఎలుకల మీద తేలిందల్లా మనకు అంటగట్టకూడదన్నమాట.

పాలు మాన్పించాక చాలామందిలో లాక్టేజ్ తగ్గిపోతుంది. కొందరిలో తగ్గకుండా చేసే జన్యుమార్పు మన దేశంలోనూ యూరప్‌లోనూ ఒకటేనని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగమైన అధ్యయనం 2012లో చెప్పింది. ఆ మార్పు వాయవ్య భారతంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ. ఇరానీ చాయ్‌తో సరిపెట్టుకుని గ్లాసుడు పాలంటే జంకేవాళ్లను వేళాకోళం చేయకండి.

మళ్లీ కిడ్నీ సంగతికి వస్తే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నెఫ్రాన్లు తక్కువ ఉండొచ్చు. పెద్దయ్యాక బీపీ, కిడ్నీ జబ్బుల ముప్పు ఎక్కువ. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం భద్రంగా దాచండి, చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ బిడ్డ బీపీ కొలవమని అడగండి.