పీసీఆర్ పరీక్ష: యంత్రం కంటే ముందు నేర్వాల్సింది క్రమశిక్షణ

క్షయ నిర్ధారణకు కఫాన్ని మైక్రోస్కోపు కింద పరిశీలించే పద్ధతి శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది. అయితే ఒక మిల్లీలీటరు కఫంలో దాదాపు 5,000 నుంచి 10,000 బ్యాక్టీరియా ఉంటే తప్ప అవి కంటపడవు. కల్చర్ పరీక్ష ఇంతకంటే కచ్చితమైనదే అయినా ఫలితానికి వారాలు పడుతుంది. అణుస్థాయి పరీక్షలు ఈ రెండు ఇబ్బందులనూ చాలావరకు తొలగించాయి. క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ ఔషధానికి అది లొంగుతుందో లేదో సుమారు రెండు గంటల్లో తెలిపే ఎక్స్‌పర్ట్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్‌ను 2020లో సిఫారసు చేసింది.

పరీక్ష ఎలా పనిచేస్తుంది?

ఈ పరీక్షలకు ఆధారం పాలిమరేజ్ చైన్ రియాక్షన్, అంటే పీసీఆర్. 1983లో దీనిని కనుగొన్న కేరీ మల్లిస్‌కు 1993లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వద్ద డీఎన్‌ఏ పోగులు రెండుగా విడిపోతాయి. 50 నుంచి 60 డిగ్రీల మధ్య ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు వాటికి అతుక్కుంటాయి. 72 డిగ్రీల వద్ద ఎంజైము కొత్త పోగును నిర్మిస్తుంది. ప్రతి ఆవృత్తిలోనూ డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కనుక 30 ఆవృత్తులు పూర్తయ్యేసరికి ఒక్క ప్రతి 107 కోట్లకు పైగా ప్రతులు కాగలదు.

బలమే బలహీనత

ఈ శక్తే ప్రమాదానికీ కారణం. నిన్నటి పరీక్షలో తయారైన డీఎన్‌ఏ కంటికి కనిపించని తుంపరగా నేటి నమూనాలో పడితే, వ్యాధి లేని వ్యక్తికి ఉన్నట్లు తేలవచ్చు. అందుకే రసాయనాల తయారీ, నమూనా నుంచి డీఎన్‌ఏ వెలికితీత, రెట్టింపు ప్రక్రియ వేర్వేరు గదుల్లో జరగాలి. పని ఒకే దిశలో సాగాలి. చివరి గదిలో వాడిన కోటు గానీ పిపెట్ గానీ మొదటి గదిలోకి రాకూడదు. మూసి ఉండే కాట్రిడ్జ్‌లు ఈ ముప్పును బాగా తగ్గించాయి. కానీ ఒకరి నమూనాపై మరొకరి పేరు రాస్తే ఏ యంత్రమూ దిద్దలేదు.

శిక్షణలో రెండో పాఠం కంట్రోళ్లు. నమూనా లేని నెగెటివ్ కంట్రోల్‌లో సంకేతం కనిపిస్తే ఆ విడత ఫలితాలు వేటినీ విడుదల చేయకూడదు. అంతర్గత కంట్రోల్ విఫలమైతే, 'నెగెటివ్' అని వచ్చినా నమ్మరాదు. రక్తంలోని హీమ్ వంటి పదార్థాలు ప్రక్రియను అడ్డుకుని ఉండవచ్చు.

ఫలితాన్ని చదవడం

పీసీఆర్ గుర్తించేది డీఎన్‌ఏనే గానీ, బ్యాక్టీరియా ప్రాణంతో ఉందా అన్నది కాదు. చికిత్స పూర్తయినవారిలోనూ మృత బ్యాక్టీరియా డీఎన్‌ఏ కారణంగా పాజిటివ్ రావచ్చు. అందుకే చికిత్స పురోగతిని కఫం స్మియర్, కల్చర్‌లతోనే అంచనా వేస్తారు.

రిఫాంపిసిన్ నిరోధకతకు కారణమయ్యే మార్పుల్లో దాదాపు 95 శాతం ఆర్‌పీఓబీ జన్యువులోని 81 బేస్ జతల చిన్న భాగంలోనే ఉంటాయి. అక్కడి మార్పు లేకున్నా ఉన్నట్లు తేలితే రోగి నెలల తరబడి అనవసరంగా తీవ్రమైన మందులు వాడాల్సి వస్తుంది. ఉన్నా గుర్తించకపోతే పనిచేయని మందులతో కాలం గడుస్తుంది, ఇంట్లోవారికీ వ్యాధి సోకే అవకాశం పెరుగుతుంది. సందేహం ఉన్నచోట ఫలితాన్ని ఆపి పరీక్షను మళ్లీ చేయగలగడమే టెక్నీషియన్ నేర్వాల్సిన అసలు నైపుణ్యం.